ఒక్క ఏటవాలు గీత

పదకొండు రాత్రుల సముద్రాన్ని
ఒక్క మూటగా కట్టింది నేనే.
ముందు టార్‌తో కట్టి, తర్వాత జీజిప్‌తో అదిమి.
నలభై ఒక్క గిగాబైట్ల నవంబరు
సాయంత్రం దాకా ఇక్కడే ఉంది.
ఇప్పుడు లేదు.

ఆండెనెస్‌లో ఈ రోజుల్లో రెండింటికే చీకటి పడుతుంది,
రాత్రి ఎంతయిందో కిటికీ చెప్పదు.
ఐలిఫ్ మూడోసారి కాఫీ కాచాడంటే
పదకొండు దాటే ఉంటుంది.

పేరు పెట్టి పిలిచాను. ఫైండ్ వెళ్ళింది,
ప్రతి ఫోల్డరు తలుపూ తట్టి వచ్చింది,
ఏమీ అనలేదు.
ఈ నల్లతెరకు అదో అలవాటు.
దొరికితే చెబుతుంది,
దొరకలేదని మాత్రం చెప్పదు.
కర్సర్ రెప్పలాడిస్తూ కూర్చుంటుంది,
ఇంకేమైనా ఉందా అన్నట్టు.

పేరు పక్కన పెట్టి తోక పట్టుకున్నాను.
చుక్క టార్ చుక్క జీజెడ్,
అలా ముగిసేవన్నీ రమ్మన్నాను.
నిరుటి మార్చి వచ్చింది.
సగంలో తెగిపోయిన ఒక ఆగస్టు వచ్చింది.

"డెక్కు కింద చూశావా, ఇంగున్?" అన్నాడు ఐలిఫ్.
ఆయనకు పోయినవన్నీ డెక్కు కిందే దొరుకుతాయి.
ఆ పదకొండు రాత్రులూ
ఇంజను ఆపి, నీళ్ళలోకి మైకు దించి,
మంచు పేరుకున్న తాడు పట్టుకుని కూర్చున్నది ఆయనే.
ఆయన్ని కసురుకునే హక్కు నాకు లేదు.
కసురుకున్నాను.

నేను కొట్టిన ఆజ్ఞలన్నీ వెనక్కి చదువుకున్నాను,
నా కాలిముద్రల్లో నేనే కాళ్ళు పెట్టి నడుస్తున్నట్టు.
ఐదువందల పన్నెండో వరుస:
నవంబరును బ్లైక్‌కు తరలించు.
సరిగ్గానే ఉందే!
బ్లైక్ అంటే రెండో డిస్కులో మా భద్రపు గది,
పక్క ఊరి పేరు పెట్టుకున్నాం.
వెళ్ళి చూశాను. గది ఖాళీ.

కాఫీ నా ముందు పెట్టి,
నన్ను కాదు, గోడను చూస్తూ అన్నాడాయన:
"ఉప్పునీళ్ళకు పేరు చెరిగిపోయిన బోటుని
రేవులో ఎలా పోలుస్తామో తెలుసా?
నీళ్ళలో ఎంత కుంగి ఉందో చూస్తాం."

పేరు వదిలేశాను. తోక వదిలేశాను.
నలభై గిగాబైట్లు దాటిన వాళ్ళెవరు?
ఒకే ఒక్క వరుస.
నేను నిలబడ్డ ఫోల్డరులోనే, నా కాళ్ళ దగ్గరే,
తోక లేని ఒక ఫైలు:
బ్లైక్.

ఎల్ఎస్ కొట్టిన ప్రతిసారీ కనబడుతూనే ఉంది,
గదిలే అనుకుని దాటిపోయాను.
నేను చెప్పిన చోట ఆ పేరుతో గది లేదు.
యంత్రం అడగలేదు, పేరు మార్చమన్నానని అనుకుంది.
బయలుదేరక ముందే
వెళ్ళాల్సిన ఊరు ఇంటిపేరైపోయింది దానికి.
బ్లైక్ తర్వాత ఒక్క ఏటవాలు గీత గీసి ఉంటే
అలాంటి గది లేదని అక్కడే మొరాయించేది.
పిల్ల చంకలోనే ఉంది,
పేరు మార్చుకుని.

అయినా నమ్మకం కుదరక
దాని మొదటి రెండు బైట్లు చూశాను:
ఒకటి ఎఫ్, ఎనిమిది బి.
జీజిప్ బిడ్డలందరికీ ఉండే పుట్టుమచ్చ.
తోక కోసినా, పేరు మార్చినా, అది చెరగదు.

విప్పకుండా లోపలివి చదవమన్నాను.
ఒకటో రాత్రి, రెండో రాత్రి...
పదకొండోది వచ్చేదాకా ఊపిరి సరిగా తీసుకున్నట్టు లేను.

తొమ్మిదో రాత్రిని మాత్రం బయటికి తీసి వినిపించాను.
చాలాసేపు నీళ్ళు.
తర్వాత అడుగున ఎక్కడో టిక్, టిక్,
చీకట్లో గోడ తడుముకుంటూ నడిచే తిమింగలం.
ఉన్నట్టుండి పైనుంచి ఒక పెద్ద చప్పుడు,
టిక్‌లు ఆగిపోయాయి.

ఐలిఫ్ చెవి దగ్గరికి తెచ్చాడు.
మళ్ళీ వెయ్యమన్నాడు.
"అది నా ఫ్లాస్కు," అన్నాడు,
"ఆ రాత్రే పోయింది.
డెక్కు మీద పడి దొర్లింది, చూడు,
ఎడమవైపుకి."